హెర్బేరియం షీటు చేయాలంటే: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది?

మొక్కను నొక్కి ఆరబెట్టి, కాగితం మీద అతికించి, లేబుల్ పెట్టి దాచుకునేదే హెర్బేరియం షీటు. అలాంటి షీట్లను భద్రపరిచే చోటు హెర్బేరియం. దీని గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ముందుగా ప్రెస్ (మొక్కను నొక్కి ఉంచే చట్రం) ధర అడుగుతారు. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. ఆ షీటు ఎంతకాలం ఉండాలి, దాన్ని ఎవరు చూస్తారు? ఈ రెండూ తేలితే మిగతావి దాదాపు వాటంతటవే తేలిపోతాయి. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ చూసి మార్కులు వేసి పక్కన పెట్టే షీటుది ఒక లెక్క. చెట్టూచేమా మీద ఇష్టంతో ఇంట్లో దాచుకునేదానిది ఇంకో లెక్క. యూనివర్సిటీ హెర్బేరియంలోనో, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాలోనో వందేళ్ల పైన ఉండాల్సిన షీటుది పూర్తిగా వేరే లెక్క. ముగ్గురికీ ఒకే సలహా ఇస్తే మొదటివాళ్లకు డబ్బు దండగ, మూడోవాళ్లకు మొక్క దండగ.

అయితే ఎవరి విషయంలోనూ మారని మాట ఒకటుంది. మొక్కలోని నీరు ఎంత త్వరగా బయటికి పోతే షీటు అంత బాగా వస్తుంది. రంగు నిలవడం, బూజు పట్టకపోవడం, ఆకులు రాలకపోవడం అన్నీ దాని మీదే ఉంటాయి. చాలామంది బరువు గురించి పట్టించుకున్నంతగా గాలి గురించి పట్టించుకోరు. బరువు చేసే పని ఆకు ముడుచుకోకుండా చూడటం, అంతే. నీటిని తీసుకుపోయేది కాగితమూ గాలీ. కింద ఏది మేలు, ఏది వద్దు అని చెప్పిన చోటల్లా నేను చూసింది ఇదే.

సంచిలో వేసుకురావాలా, అక్కడికక్కడే నొక్కాలా?

పాత బోటనీ డిపార్ట్‌మెంట్ల బీరువాల మీద ఇప్పటికీ రేకు డబ్బాలు కనిపిస్తాయి. భుజానికి తగిలించుకునే బెల్టు, పక్కన తలుపు ఉంటాయి. దాన్నే వాస్కులమ్ అంటారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఇప్పుడు దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. మందపాటి పాలిథిన్ సంచి ఆ పని ఇంకా బాగా చేస్తుంది. లోపల కాసిన్ని నీళ్లు చిలకరించి, మొక్కలు పెట్టి, కాస్త గాలి నింపి మూతి కట్టి నీడలో ఉంచితే వేప, తంగేడు, మద్ది లాంటి గట్టి ఆకులవి సాయంత్రం దాకా నిలుస్తాయి.

తూటికాడ జాతి పూలు, కమ్మెలినా (నీలం పూల చిన్న మొక్క) పూలు మాత్రం సంచిలో పనికిరావు. పొద్దున్నే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి. కోసిన పావుగంటకే రేకులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. కమ్మెలినా పువ్వయితే నీలం చుక్కగా కారిపోతుంది. వీటికి ఫీల్డ్ ప్రెస్ తప్పదు. దానికేమీ ఖర్చు లేదు: రెండు గట్టి అట్టలు, మధ్యలో పాత పేపర్లు, చుట్టూ ఒక నవారు పట్టీ. పువ్వును రెండు టిష్యూ ముక్కల మధ్య పరిచి పేపర్లో పెట్టి, ఆరేదాకా ఆ టిష్యూ తీయకూడదు. తడిగా ఉన్నప్పుడు తీస్తే రేకులు దానితోపాటే వచ్చేస్తాయి.

ఒకటే ఎంచుకోమంటే రాళ్ల గుట్టలకీ ఎండు అడవికీ సంచి, చెరువు గట్లకీ వానాకాలపు పొలాలకీ ఫీల్డ్ ప్రెస్. రెండూ పట్టుకెళ్తే ఇంకా మంచిది, బరువేమీ పెరగదు.

ఏం కోయాలన్నదాంట్లో పెద్దగా ఎంపిక లేదు. చిన్న మొక్కయితే వేరుతో సహా తీయాలి. లాగితే వేరు తెగుతుంది, బొరిగతో చుట్టూ తవ్వి తీయాలి. అడవినాభి లాంటివాటికి దుంప కావాలి. చెట్టయితే పువ్వో కాయో ఉన్న రెమ్మ, జానెడున్నర పొడవు చాలు. అందకపోతే దోటికి కత్తి కట్టుకోవాలి. హెర్బేరియం షీటు మన దగ్గర సుమారు 28 × 42 సెంటీమీటర్లు. గడ్డి అంతకంటే పొడవుంటే దాన్ని కత్తిరించకుండా జడ్ ఆకారంలో మడవాలి. పువ్వూ కాయా లేని రెమ్మను ఎంత అందంగా నొక్కినా గుర్తుపట్టడం కష్టం. పరీక్షకు సరిపోవచ్చు గానీ హెర్బేరియం వాళ్లు సాధారణంగా తీసుకోరు.

అక్కడ ఒకటో రెండో మొక్కలే ఉంటే కోయకుండా ఫోటో తీసుకుని రావాలి. రిజర్వు అడవిలో కోయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అభయారణ్యం, నేషనల్ పార్కు అయితే ఆ అనుమతి ఇంకా పై స్థాయి నుంచి రావాలి. కొన్ని మొక్కల విషయంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే అడ్డుగా నిలుస్తుంది. శేషాచలం కొండల్లో ఉండే సైకస్ బెడ్డోమై వాటిలో ఒకటి. "చదువు కోసమే కదా" అని అడవిలో బీట్ ఆఫీసరుకు చెప్పుకుని ప్రయోజనం ఉండదు, కాగితం చేతిలో ఉండాలి.

ప్రెస్: పుస్తకాలు, ప్లైవుడ్, రీపర్లు

లావుపాటి పుస్తకాల మధ్య పెట్టి పైన ఇటుకలు ఎత్తడం అందరికీ తెలిసిన పద్ధతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అనంతపురంలోనో కర్నూలులోనో పల్చటి ఆకుల మొక్కలకు అది సరిపోతుంది. అదే పని ఆగస్టులో కాకినాడలో చేస్తే నాలుగో రోజుకి పుస్తకానికీ మొక్కకీ కలిపి బూజు పడుతుంది. పుస్తకం అంచుల నుంచి గాలి లోపలికి వెళ్లదు, పీల్చుకున్న తడి బయటికి రాదు. పైగా కాగితాలన్నీ ఒకదానికొకటి కుట్టి ఉంటాయి కాబట్టి తడిసినవాటిని మార్చడం కుదరదు.

రెండు ప్లైవుడ్ పలకలు, రెండు బెల్టులు ఉంటే అంతకంటే చాలా నయం. కాగితాలు మార్చుకోవచ్చు, బిగువు సరిచేసుకోవచ్చు. కాలేజీ పిల్లలకు నేను దీన్నే చెబుతాను. కానీ వేడి గాలి పెట్టే ఉద్దేశం ఉంటే ప్లైవుడ్ వద్దు. కార్పెంటరు దగ్గర సన్నటి రీపర్లతో 30 × 45 సెంటీమీటర్ల జాలీ ఫ్రేములు రెండు చేయించుకోవాలి. సందుల్లోంచి గాలి ఆడుతుంది. మేకులు కాకుండా స్క్రూలు వేయమనండి. బెల్టు బిగించినప్పుడల్లా మేకులు కాస్త కాస్త పైకి లేస్తాయి. తాళ్లు వద్దు, మొక్క ఆరి సన్నబడే కొద్దీ రోజూ బిగించాలి, ముడి విప్పి కట్టుకోవడం విసుగు. నవారు పట్టీకి బకిల్ కుట్టించుకుంటే చాలు.

కాగితం విషయంలో

బ్లాటింగ్ పేపర్ నీటిని బాగా పీలుస్తుంది, ఎండబెట్టి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, కానీ ఖరీదు. పాత దినపత్రికలు అందరి ఇంట్లో ఉంటాయి. వీటిలో ఏది అనే బదులు రెండూ కలిపి వాడటం తెలివైన పని. మొక్క తన పేపరు మడతలోనే మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. ఆ మడతకు పైనా కిందా ఉన్న బ్లాటర్లు, లేదా నాలుగైదు పేపర్ల దొంతర, రోజూ మారుతుంటాయి. మొక్కను మాటిమాటికీ కదిలిస్తే రేకులు ఊడతాయి, నంబరు రాసిన చీటీ తప్పిపోతుంది.

ఆదివారం సప్లిమెంట్ల నున్నటి కాగితం మాత్రం దీనికి పనికిరాదు, అది నీటిని పీల్చదు. ఇంకో సంగతి: మన దినపత్రిక పేజీ హెర్బేరియం షీటు కంటే పెద్దది. పేపరు నిండా పరిచేస్తే తీరా అతికించేటప్పుడు కొమ్మ బయటికి వస్తుంది. ఎండిన కొమ్మను వంచితే విరుగుతుంది. 28 × 42 కొలతకు ఒక అట్ట కోసి పెట్టుకుని, మొక్కను ఆ కొలతలో సర్దుకుంటే ఈ గొడవ ఉండదు. కింద కుడి మూలన లేబుల్ కోసం అరచేయంత ఖాళీ ఉండాలని కూడా అప్పుడే గుర్తుంచుకోవాలి.

మొదటిసారి కాగితం మార్చడం అన్నిటికంటే ముఖ్యం. నొక్కిన మర్నాడు పొద్దున ప్రెస్ విప్పితే ఆకులు వాడి, మెత్తబడి, చెప్పినట్టు వింటాయి. మడతపడ్డ ఆకును సన్నటి బ్రష్షుతో విప్పాలి. ఒకటి రెండు ఆకులను చిమటాతో తిప్పి అడుగు పైకి వచ్చేలా పెట్టాలి, ఆకు అడుగున ఉండే నూగు, ఈనెలు గుర్తింపుకు కావాలి. ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకుల మధ్య చిన్న పేపరు ముక్క దూర్చాలి, లేకపోతే అక్కడ నల్లటి మరక పడుతుంది. ఆకులు మరీ ఎక్కువుంటే కొన్ని కత్తిరించవచ్చు గానీ తొడిమ వదిలేయాలి, అక్కడ ఆకు ఉండేదని చూసేవాళ్లకు తెలియాలి. ఆ మర్నాటికి ఇవేవీ కుదరవు, ఆకు బిగుసుకుపోతుంది.

ఆరబెట్టడం: అసలు తేడా ఇక్కడే

కాగితాలు మారుస్తూ నీడలో ఆరబెట్టడం అన్నిటికంటే నెమ్మది, అన్నిటికంటే నమ్మకమైనది. మొదటి మూడు రోజులు రోజూ, ఆ తర్వాత రోజు విడిచి రోజు మార్చాలి. పొడి వాతావరణంలో పల్చటి మొక్కలు వారంలో అయిపోతాయి. ముసురు పట్టినప్పుడు రెండు వారాలైనా చల్లగానే ఉంటాయి. ప్రెస్‌ను మొత్తంగా ఎండలో నిలబెడితే పని త్వరగా అవుతుంది. మొక్కను విప్పి నేరుగా ఎండలో పరిస్తే మాత్రం ఆకు ముడుచుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. తీసిన తడి కాగితాలను మాత్రం ఎండలోనే వేయాలి.

రెండోది బల్బుల పెట్టె. కోస్తా జిల్లాల్లో ఉండేవాళ్లకీ, వానాకాలంలో ఎక్కువ మొక్కలు తెచ్చేవాళ్లకీ నా ఓటు దీనికే. అడుగున రెండు మూడు పాతకాలపు ఫిలమెంట్ బల్బులు, పైన ప్రెస్ నిలిచేలా చట్రం, చుట్టూ చెక్కో రేకో, పైభాగం తెరిచి ఉండాలి. ఎల్‌ఈడీ బల్బులు దీనికి పనికిరావు, వాటికి అంత వేడి ఉండదు. ఇందులో కీలకం ముడతల అట్ట. కిరాణా కొట్టు అట్టపెట్టెలను ప్రెస్ కొలతకు కోసి, ప్రతి రెండు మొక్కల మధ్యా ఒకటి పెట్టాలి. ప్రెస్‌ను పడుకోబెట్టకుండా పక్కకి నిలబెట్టి, అట్టలోని గొట్టాల్లాంటి ముడతలు కింది నుంచి పైకి ఉండేలా చూడాలి. వేడి గాలి ఆ గొట్టాల గుండా పైకి పోతూ తడిని తీసుకెళ్తుంది. గొట్టాలు అడ్డంగా ఉంటే ఎన్ని బల్బులు పెట్టినా దండగే. బెల్టు మరీ బిగిస్తే ముడతలు నలిగి గాలి దారి మూసుకుపోతుంది. ఇలా పెడితే మామూలు మొక్కలు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతాయి, కాగితాలు మార్చే పని కూడా దాదాపు ఉండదు. వేడి 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంటే చాలు. 60 దాటితే ఆకు గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. పేపరు, అట్ట, బల్బు ఒకే చోట ఉన్నాయి కాబట్టి రాత్రి దాన్ని వెలిగించి పడుకోవద్దు.

ల్యాబులో హాట్ ఎయిర్ ఓవెన్ ఉంటే కొందరు దాంట్లో పెట్టేస్తారు. తలుపు బిగుతుగా మూసి ఉంటే ఆవిరి లోపలే తిరిగి మొక్క ఉడుకుతుంది. గాలి కన్నాలు తెరిచి, తక్కువ వేడిలో వాడితే తప్ప ఓవెన్ కంటే బల్బుల పెట్టే మేలు.

ఇస్త్రీ పెట్టెతో రెండు పేపర్ల మధ్య రుద్దేయడం, మైక్రోవేవ్‌లో పెట్టడం కూడా ఉన్నాయి. రంగు బాగా నిలుస్తుందన్నది నిజమే. గ్రీటింగ్ కార్డులకూ, స్కూలు పిల్లల ప్రాజెక్టులకూ హాయిగా వాడుకోండి. కానీ మైక్రోవేవ్ లోపలి కణజాలాన్ని దెబ్బతీస్తుంది, అందులోని విత్తనాలు మొలకెత్తవు, డీఎన్ఏ పనికి ఆ షీటు మీద ఆశ వదులుకోవాలి. శాశ్వతంగా ఉండాల్సిన షీటుకి ఈ రెండూ వద్దు.

ఇక స్పిరిట్ పద్ధతి. ఆఫ్రికాలో తిరిగిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త ష్వైన్‌ఫర్ట్ పేరు మీద ఇది ప్రసిద్ధం. మొక్కలను పేపర్లలో సర్ది కట్టగట్టి, కట్ట మొత్తాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, నీళ్లు కలిపిన స్పిరిట్ పోసి సీలు చేస్తారు. వారాల తర్వాత ఊరికి చేరాక ఆరబెట్టుకోవచ్చు. కరెంటు లేని అడవిలో, ఎడతెగని వానలో, మారేడుమిల్లి వైపో పాపికొండల వైపో చాలా రోజులు మకాం వేసేవాళ్లకు ఇదొక్కటే దారి. ఆకులు రాలవు, బూజు రాదు. ప్రతిఫలంగా రంగు మొత్తం పోతుంది, డీఎన్ఏ చెడిపోతుంది. స్పిరిట్ డబ్బాతో బస్సెక్కడం ప్రమాదం కూడా. వారాంతపు ట్రిప్పులకు దీని జోలికి పోనక్కర్లేదు.

డీఎన్ఏ కోసమే అయితే ఏ పద్ధతిలో ఆరబెట్టినా ఆ మొక్క లేత ఆకు ముక్కలు కొన్ని విడిగా సిలికా జెల్‌లో (తడిని పీల్చే గింజల్లో) వేసుకోవాలి. 1990ల నుంచి అందరూ పాటిస్తున్న పద్ధతి ఇది. ఆకు బరువుకు పది రెట్లు జెల్ ఉండాలి, ఒక రోజులోపు ఆకు పెళపెళలాడాలి. రంగు మారే జెల్‌లో నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, నారింజ రంగుది తీసుకోండి. ఆ కవరు మీదా షీటు మీదా ఒకే నంబరు ఉండాలి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. కాడ పట్టుకుని అడ్డంగా ఎత్తితే కొస వంగకూడదు. ఆకును పై పెదవికి ఆనిస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉందంటే ఇంకా తడి ఉన్నట్టే.

మాట వినని మొక్కలు

జెముడు, కలబంద, ఆర్కిడ్లు లాంటివి ప్రెస్‌లో పెట్టినా చావవు. లోపలి నీటితోనే వారాల తరబడి బతుకుతాయి, కొన్ని ప్రెస్‌లోనే కొత్త చిగుళ్లు వేస్తాయి. ముందు వాటిని చంపాలి. మరుగుతున్న నీళ్లలో కాసేపు ముంచి తీయడం, లేదా స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టడం, మామూలుగా వాడే దారులు ఇవి. మరుగు నీళ్ల పద్ధతయితే ఇంట్లోనే అయిపోతుంది, పువ్వును మాత్రం పైనే ఉంచి కాడనూ ఆకులనూ ముంచాలి. జెముడు మట్టను మధ్యకు చీల్చి లోపలి గుజ్జు చెంచాతో గీకేసి నొక్కాలి. దుంపలు, ఉల్లిపాయ లాంటి గడ్డలు కూడా నిలువుగా సగానికి కోయాలి. జిల్లేడు పాలు పేపరుకు అంటుకుంటాయి, కోసిన చోట పాలు కారడం ఆగాక టిష్యూతో అద్ది పెట్టుకోవాలి.

నాచు, హైడ్రిల్లా, పురుగుల్ని పట్టే యుట్రిక్యులేరియా లాంటి నీటి మొక్కలు గట్టు మీదికి రాగానే ముద్దయిపోతాయి. వెడల్పాటి ట్రేలో నీళ్లు పోసి, మొక్కను తేలనిచ్చి, కింద నుంచి మందపాటి తెల్ల కాగితాన్ని జార్చి మొక్కతో సహా నెమ్మదిగా పైకెత్తాలి. విడదీయడం, అతికించడం మళ్లీ అవసరం లేదు, చాలావరకు అది ఆ కాగితానికే అంటుకుని ఉంటుంది.

చింత, తుమ్మ జాతుల చిన్న ఆకులు రాలుతుంటాయి. వాటినీ మరుగు నీళ్లలో ముంచి నొక్కితే కొంత ఆగుతుంది. పొగాకు చేలలో మొలిచే పొగాకు మల్లె మాత్రం ఏం చేసినా నల్లబడుతుంది. అది పద్ధతి లోపం కాదు, దాని స్వభావమే అంత. ఇలాంటివాటికి పూల రంగు కోసినప్పుడే నోటు పుస్తకంలో రాసుకోవడం ఒక్కటే మార్గం.

పురుగు: మందు పెట్టాలా, ఫ్రీజర్‌లో పెట్టాలా?

పాత పద్ధతి మెర్క్యురిక్ క్లోరైడ్‌ను స్పిరిట్‌లో కలిపి మొక్కను ముంచడం. పురుగు మళ్లీ దగ్గరికి రాదు, అది నిజం. కానీ అది పాదరసపు విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది, షీటు నుంచి ఏళ్ల తరబడి ఆవిరి వస్తూనే ఉంటుంది. రికార్డులో రాయడం కోసం తెలుసుకోండి, చేత్తో ముట్టుకోవద్దు. పాత హెర్బేరియంల షీట్లు చూడటానికి వెళ్లినా చేతులు కడుక్కోకుండా టీ తాగొద్దు.

ఫ్రీజర్ చాలా మేలు. ఆరిన మొక్కలను పాలిథిన్‌లో గాలి పోకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం ఉంచితే పురుగూ గుడ్లూ రెండూ చస్తాయి. బయటికి తీశాక లోపలి చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకూడదు, విప్పితే గాలిలోని తడి మొక్క మీద చేరుతుంది. ఇంటి ఫ్రిజ్ పై అరలో 42 సెంటీమీటర్ల కట్ట పట్టడం కష్టం, డీప్ ఫ్రీజర్ కావాలి. దీనికున్న లోపం ఒకటే: పురుగు మళ్లీ రావచ్చు, ఏడాదికోసారి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి.

హెర్బేరియంను ఎక్కువగా పాడుచేసేది సిగరెట్ బీటిల్. మన గోడౌన్లలో నిల్వ పొగాకునూ పసుపునూ మిరపకాయలనూ తినే చిన్న గోధుమరంగు పురుగు అదే. షీటు కింద పిండిలాంటి పొడి కనబడిందంటే వచ్చేసినట్టే. నాఫ్తలీన్ గోళీలు దాన్ని చంపవు, పైగా గది నిండా ఆ వాసన పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు. పచ్చి వేపాకు పెట్టడం అయితే మనమే తడి తీసుకెళ్లి లోపల పెట్టినట్టు.

అతికించడం

సెల్లో టేపు పరీక్ష దాకా సరే. రెండు మూడేళ్లకు పసుపెక్కి ఊడిపోతుంది, జిగురు మరక మిగులుతుంది. ఫెవికాల్‌తో మొత్తం మొక్కను అతికించేస్తే గట్టిగా ఉంటుంది గానీ తర్వాత ఎవరైనా ఆకు అడుగు చూడాలన్నా, పువ్వు విప్పి పరిశీలించాలన్నా కుదరదు. మైదా జిగురుకు పురుగులు చేరతాయి. శాశ్వతంగా ఉండాల్సినవాటికి నేను చెప్పేది సన్నటి గుడ్డ టేపు లేదా యాసిడ్ లేని కాగితపు పట్టీలు. కొమ్మ మీదుగా అడ్డంగా వేసి పట్టీ కొసలను మాత్రమే అతికించాలి. లావు కొమ్మలను తెల్ల దారంతో కుట్టి, షీటు వెనక ముడి మీద కాగితం ముక్క అంటించాలి. రాలిన గింజలు, పూరేకులు పారేయకుండా చిన్న కాగితపు పొట్లంలో వేసి షీటుకే అతికించాలి, పరిశోధకులు ముందు విప్పేది ఆ పొట్లాన్నే. చార్ట్ పేపర్ త్వరగా పసుపెక్కుతుంది, మందపాటి డ్రాయింగ్ షీటు దానికంటే నయం.

పరీక్షకైతే అన్నీ కలిపి రికార్డులా బైండు చేస్తారు. 16వ శతాబ్దంలో ఇటలీలో వృక్షశాస్త్రవేత్త లూకా గీని కాలం నుంచి చాలాకాలం అలాగే పుస్తకాల్లా కుట్టేవారు. 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ విడి షీట్లే మేలన్నాడు, కొత్త మొక్క వచ్చినా పేరు మారినా షీటు చోటు మార్చుకోవచ్చు కాబట్టి. ఇంట్లో దాచుకునేవాళ్లు కూడా బైండింగ్ మానేసి, ఒక్కో జాతికి ఒక్కో కవరు పెట్టుకుంటే పదేళ్ల తర్వాత హాయిగా ఉంటుంది.

ఫోటో ఉంటే ఈ శ్రమంతా ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. పూల రంగు, చెట్టు ఆకారం, చుట్టూ నేల ఎలా ఉందో షీటు కంటే ఫోటో బాగా చెబుతుంది. అరుదైన మొక్కలకు ఫోటో ఒక్కటే సరైనది. కానీ ఫోటోలో కేసరాల అడుగున నూగు ఉందా లేదా అని మళ్లీ చూడలేం, గింజను కోయలేం, డీఎన్ఏ తీయలేం. కొత్త జాతి పేరు ప్రకటించాలంటే దానికి ఒక టైప్ నమూనా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా, హెర్బేరియంలో ఉండాల్సిందే.

ఈ పోలిక మనకు కొత్తేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లేదాకా సామర్లకోటలో ఉండి, ఇక్కడి మొక్కలకు మనవాళ్ల చేతే వందల బొమ్మలు వేయించాడు. వాటి పక్కన తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. ఆయన పేర్లు పెట్టిన చాలా మొక్కలకు షీట్లు దొరక్కపోవడంతో తర్వాతి తరాలవాళ్లు ఆ బొమ్మలనే ఆధారం చేసుకోవాల్సి వచ్చింది. బొమ్మ ఎంత బాగున్నా, అందులో గీయని భాగం గురించి ఎవరూ అడగలేరు. కాబట్టి సాధారణమైన మొక్కకు షీటూ ఫోటో రెండూ, అరుదైనదానికి ఫోటో. ఫోటో ఫైలు పేరులో సేకరణ నంబరు వేయడం మర్చిపోవద్దు, ఫోన్‌లో వందల ఆకుపచ్చ ఫోటోల మధ్య తర్వాత ఏది ఏదో తెలియదు.

లేబుల్

ఇక్కడ బేరం లేదు. లేబుల్ లేని షీటు ఎంత అందంగా ఉన్నా ఎండుగడ్డే. శాస్త్రీయ నామం తర్వాతైనా రాసుకోవచ్చు. ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నేల రకం, మొక్క ఎత్తు, పూల రంగు, స్థానికంగా పిలిచే పేరు, కోసినవాళ్ల పేరు, సేకరణ నంబరు అక్కడే రాసుకోవాలి. ఒక మనిషికి జీవితాంతం ఒకే వరుస నంబర్లు, ఏడాదికోసారి ఒకటి నుంచి మొదలుపెట్టొద్దు.

జిల్లా పేరు ఒక్కటే రాసి వదిలేస్తే ఏమవుతుందో మన రాష్ట్రాల్లో చూస్తే చాలు. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. పాత షీటు మీద మన్ననూరు, మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటే ఇప్పుడది నాగర్‌కర్నూల్. కర్నూలు జిల్లా శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లా. ఊరూ అక్షాంశాలూ ఉంటే రేపు ఇంకెన్ని గీతలు మారినా ఇబ్బంది లేదు. ఫోన్ జీపీఎస్ చాలు, ప్రత్యేక పరికరం అక్కర్లేదు.

రాయడానికి అడవిలో పెన్సిల్, చివరి లేబుల్‌కు లేజర్ ప్రింట్ లేదా నీటికి చెదరని ఇంకు. ఇంక్‌జెట్ ప్రింట్ తడి తగిలితే పాకుతుంది. జెల్ పెన్ను అసలు వద్దు.

ఎక్కడ పెట్టాలి?

పరీక్ష రికార్డులు కాలేజీ బీరువాలోనే ఉంటాయి, వాటి సంగతి సరే. మీ దగ్గర మంచి షీట్లు ఉంటే దగ్గర్లోని యూనివర్సిటీ హెర్బేరియం మొదటి ఎంపిక. రాయలసీమవాళ్లకు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఒకటుంది. చుట్టుపక్కల మొక్కలు పోల్చుకోవడానికి అక్కడికే వెళ్లాలి కాబట్టి మీ షీటు అక్కడ ఉంటే నలుగురికీ ఉపయోగం. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఆంధ్ర జిల్లాల్లో సేకరించిన పాత షీట్ల కోసమైతే కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం. దేశంలో అన్నిటికంటే పెద్దది హౌరాలో ఉంది, సుమారు 20 లక్షల నమూనాలతో. పేరు తేలని మొక్కయితే, దొరికిన చోట పుష్కలంగా ఉంటే, ఒకే నంబరుతో రెండు మూడు నమూనాలు కోసి ఒకటి ఊళ్లో ఉంచుకుని ఒకటి పెద్ద హెర్బేరియంకి ఇవ్వడం మంచిది.

ఇచ్చేముందు ఉత్తరం రాసి వాళ్లకు కావాలో లేదో కనుక్కోండి. అతికించి పంపాల్సిన పని చాలాసార్లు ఉండదు, షీటు, జిగురు విషయంలో వాళ్ల పద్ధతి వాళ్లకుంటుంది. ఆరిన మొక్కను దాని పేపరు మడతలోనే ఉంచి, ప్రింటు చేసిన లేబుల్ అంటించకుండా లోపల పెట్టి, పేపరు అంచు మీద సేకరణ నంబరు పెన్సిల్‌తో రాసి, రెండు అట్టల మధ్య కట్టగట్టి పంపితే చాలు. అటవీశాఖ అనుమతి పత్రం జిరాక్స్ కూడా ఆ కట్టతో పాటే పెట్టండి.